పరస్థలం పెట్టె

శుక్రవారం పొద్దున నేనే తూచాను, నలభై ఆరు పౌండ్లు, కొక్కెం ఉన్న ఆ చిన్న స్కేల్‌కి తగిలించి రెండు చేతులతో ఎత్తి, ఒకసారి కాదు మూడుసార్లు, మొదటిసారి చూపించింది నమ్మే మనిషిని కాను కాబట్టి. ఇవాళ శనివారం మధ్యాహ్నం నా స్నేహితురాలు రేణు ఇంటి నుంచి తిరిగొచ్చిన అదే పెట్టె యాభై రెండు. ఒక్క రాత్రి వేరేవాళ్ళింట్లో నిద్రచేసి ఆరు పౌండ్లు ఒళ్ళు చేసింది. స్కేల్‌లో బ్యాటరీ అయిపోయుంటుంది రాణీ, అన్నారు మోహన్ ట్రంక్ మూస్తూ. ఆయనకి లోకంలో అన్నీ బ్యాటరీ సమస్యలే. మరి మిగతా మూడు పెట్టెల్నీ సరిగ్గా ఎందుకు చూపించింది అని అడగలేదు నేను, అడిగితే వెనక సీట్లో ఉన్న మా అమ్మాయి ఆద్య ఒక చెవిలోంచి ఇయర్‌బడ్ తీస్తుంది, తీసి నావైపు చూస్తుంది, ఆ చూపు నాకు మార్చి నెల నుంచీ తెలుసు. అందుకే మా ఊరు కాపెల్ నుంచి ఎయిర్‌పోర్ట్ దాకా ఆ పావుగంటా, లిమిట్ యాభై అని తెలిసీ, నోరు మూసుకుని కూర్చున్నాను. ఇప్పుడు చెక్‌-ఇన్ లైన్‌లో నిలబడ్డాం. లండన్ దాకా విమానం, అక్కడి నుంచి కార్‌లో వేల్స్, పది రోజుల పాటు కోటలు, సముద్రం, కొండలు, గొర్రెలు. మా ముందు పది పన్నెండు కుటుంబాలున్నాయి. నా పెట్టె హ్యాండిల్ నా చేతిలో ఉంది, మోహన్ రెండు తోస్తున్నారు, రేణు ఇంటి నుంచి వచ్చిన ఆ నీలం పెట్టె మాత్రం ఆద్య ఎవరికీ ఇవ్వట్లేదు. నేను తీసుకోబోతే, ఇట్స్ ఓకే అమ్మా, నాది నేను పట్టుకుంటా, అంది. పుట్టి పదహారేళ్ళయింది, ఏ ప్రయాణంలోనూ తన పెట్టె తను మోయని పిల్ల.

పెట్టె అసలు రేణు ఇంటికి ఎందుకెళ్ళిందంటే వారశూల వల్ల. శనివారం తూర్పుకి బయల్దేరకూడదు, మాకు టికెట్లు కుదిరింది శనివారమే, టెక్సస్ నుంచి వేల్స్ ఎటు తిప్పి చూసినా తూర్పే, ఆద్య చిన్నప్పటి గ్లోబ్ అటకమీంచి దింపి మరీ చూశాను. ఇలాంటప్పుడు ముందుగా ఒక మంచిరోజు, మంచి గడియలో ఒక పెట్టె బయటికి తీసుకెళ్ళి ఇంకొకరింట్లో ఉంచితే, ప్రయాణం ఆ గడియకే మొదలైపోయినట్టు లెక్క. మా ఇళ్ళల్లో దాన్ని పరస్థలం పెట్టడం అంటారు. ఫోన్‌లో పంచాంగాన్ని డాలస్ టైమ్‌కి మార్చుకుని, శుక్రవారం పది ఇరవైకి వర్జ్యం లేదని చూసుకుని, నాలుగు వీధుల అవతలున్న రేణు ఇంట్లో మెట్ల కింద పెట్టి వచ్చాను. ఏ పెట్టె పెడదామా అని నేను ఆలోచిస్తుంటేనే ఆద్య, నాది రెడీ, నాది పెట్టు, అంది. అప్పుడే నాకు ఎక్కడో గుచ్చుకుని ఉండాల్సింది. కార్ స్టార్ట్ చేశాక కూడా చార్జర్ వెతుక్కునే పిల్ల రెండు రోజుల ముందు పెట్టె సర్దేసుకోవడం ఏమిటి, ఈ పంచాంగం అంతా నాన్‌సెన్స్ అనే పిల్ల ముచ్చటగా ముందుకు రావడం ఏమిటి. నేను మురిసిపోయాను. పిల్లకి ఇప్పటికి మన పద్ధతులమీద గురి కుదిరింది అనుకున్నాను. నా అనుమానం పనిచేయాల్సిన చోట నిద్రపోయి, ఇప్పుడు లైన్‌లో నిలబడ్డాక లేచి కూర్చుంది.

అక్కడ ముందర కౌంటర్ దగ్గర, నెరిసిన జుట్టు పొట్టిగా కత్తిరించుకున్న ఆవిడ ప్రతివాళ్ళనీ ఒకటే అడుగుతోంది. మొదట వినపడలేదు, లైన్ రెండడుగులు కదిలాక వినపడింది. మీ బ్యాగులు మీరే సర్దుకున్నారా. సర్దినప్పటి నుంచీ మీ దగ్గరే ఉన్నాయా. ఎవరైనా మీకు ఏదైనా ఇచ్చారా. టోపీ పెట్టుకున్న పెద్దాయన యెస్ మేడమ్, యెస్ మేడమ్, నో మేడమ్ అని ఎంత తేలిగ్గా చెప్పేశాడో. మా దగ్గరే ఉన్నాయా అంటే నేనేం చెప్పాలి. లేదండీ, శనివారం తూర్పు శూల కాబట్టి నిన్న పొద్దున పది ఇరవై నుంచి ఇవాళ మధ్యాహ్నం దాకా మా స్నేహితురాలి ఇంట్లో మెట్ల కింద ఉంది, తిరిగొచ్చేసరికి ఆరు పౌండ్లు పెరిగింది, లోపల ఏముందో నాకు తెలియదు, మా అమ్మాయికి తెలుసు, అడగనని మాటిచ్చాను. ఇంతా ఇంగ్లీష్‌లో చెప్పేసరికి ఇద్దరు పోలీసులొస్తారు. ఆద్య ఇక్కడ పుట్టింది, దాని పాస్‌పోర్ట్ అమెరికాది. మేమిద్దరం గ్రీన్‌కార్డ్‌లు, పద్నాలుగేళ్ళు లైన్‌లో నిలబడి తెచ్చుకున్న కార్డులు, వాటిని గుర్తు చేసుకుని ఒక స్పీడింగ్ టికెట్‌కే రెండు రాత్రులు నిద్రపోలేదు నేను.

అసలు వేల్స్ ఎవరు వెళ్తారు. మా వీధిలో అందరూ స్విట్జర్లాండ్ వెళ్ళారు, కాదంటే లండన్, పారిస్, ట్రైన్‌లో కూర్చుని పులిహోర తింటున్న ఫోటోలు పెట్టారు. మేమెందుకు వేల్స్. ఆద్య అడిగింది కాబట్టి. జనవరిలో ఒకరోజు భోజనాల దగ్గర, నాన్నా, కాజిల్స్ ఉంటాయి, చాలా ఉంటాయి, అంది, అంతే, మోహన్ పడిపోయారు. ఆయనకి గోడలంటే పిచ్చి, ఏ గోడ ఎన్ని అడుగుల మందం, ఏ రాజు ఎవరిమీద కట్టించాడు, రాత్రీ పగలూ అదే. కన్వీ, కార్నర్వన్, హార్లెక్ అని కోటల కాగితాలు ప్రింట్ చేసి ఫ్రిజ్‌కి అంటించారు. అక్కడ కార్ ఎడమవైపు నడపాలని, ఆదివారం పొద్దున్నే హైస్కూల్ ఖాళీ పార్కింగ్ లాట్‌లో ఎడమపక్కన నడుపుతూ ప్రాక్టీస్ చేశారు, నేను పక్కన కూర్చుని కుడి కుడి అని అరుస్తూ, అలవాటు కొద్దీ. మా ఇద్దరికీ యూకే వీసా, వేలిముద్రలు, ఆఫీస్ లెటర్లు, ఆ హడావిడిలో నేను ప్లాన్ సరిగ్గా చూడలేదు. చూసింది పోయిన వారం. ఒక్కో కోటకీ ఒక్కో రోజు, రెండింటికి సగం సగం రోజు. కానీ సముద్రం ఒడ్డున అబరిస్ట్‌విత్ అనే ఊళ్ళో మూడు రాత్రులు. ఆ ఊళ్ళో కోట ఏదీ అంటే, కూలిపోయింది, చూడ్డానికి ఇరవై నిమిషాలు చాలు అని మోహన్ కాగితమే చెప్తోంది. ఇరవై నిమిషాల కోటకి మూడు రాత్రులు ఎవరు రాశారు. నేనే నాన్నా, బీచ్ బాగుంటుంది, రిలాక్స్ అవ్వచ్చు. ఏ రిలాక్స్. అక్కడ వేసవిలో కూడా స్వెటర్ వేసుకోవాలట.

మార్చిలో దాని ఫోన్ చూశాను. తప్పే, తప్పు కాదని ఎవరితోనూ వాదించను. అది స్నానానికి వెళ్ళింది, ఫోన్ డైనింగ్ టేబుల్ మీద ఉంది, వెలిగింది, పైన మానవ్ అని పేరు. మానవ్ ధర్మారావు గారబ్బాయి, బళ్ళో దీనికంటే రెండేళ్ళు పెద్ద, హైస్కూల్ అయ్యాక యూకేలో ఎక్కడో చదువుకోడానికి వెళ్ళాడని పార్టీల్లో విన్నాను, ఇక్కడ ఇన్ని యూనివర్సిటీలుండగా అక్కడికెందుకో అని అందరం వాళ్ళమ్మ వెనకాల చెవులు కొరుక్కున్నాం. ఒకసారి ఇక్కడికి వచ్చి చూడు, మళ్ళీ వెనక్కి వెళ్ళాలనిపించదు నీకు, అని రాశాడు వాడు. కింద ఆద్య ఏడో ఎనిమిదో గుండె బొమ్మలు పెట్టింది, లెక్కపెట్టలేదు. అది తలకి టవల్ చుట్టుకుని వచ్చేసరికి ఫోన్ నా చేతిలోనే ఉంది, దాచే తెలివి కూడా లేకపోయింది. ఎవడే వీడు, అన్నాను. అది అరవలేదు, ఏడవలేదు. ఫోన్ తీసుకుని గదిలోకి వెళ్ళిపోయింది. ఆ తర్వాత పంతొమ్మిది రోజులు నాతో మాట్లాడలేదు. పంతొమ్మిది రోజులు నేను లంచ్ బాక్స్ కట్టాను, అది తీసుకెళ్ళింది, ఖాళీ డబ్బా సింక్‌లో పెట్టింది. అంతకంటే కొట్టినా బాగుండేది. ఇరవయ్యో రోజు వంటింట్లోకి వచ్చి నిలబడి, ఒక డీల్ అమ్మా, అంది. కాలేజ్‌కి వెళ్ళేముందు ఇదే మన లాస్ట్ బిగ్ ట్రిప్. ఈ ట్రిప్ అయ్యేదాకా నా స్టఫ్ చూడకు, నా బ్యాగ్ చూడకు, ఏమీ అడగకు. నువ్వు అడగకపోతే నేను అక్కడ అంతా చెప్తా. అడిగితే ఎప్పటికీ చెప్పను. ఇంకా పదిహేడు రాని పిల్ల, ఎప్పటికీ అన్న మాట ఎంత స్థిరంగా అందో. అది నా కూతురు, నా మొండితనమే దానికి వచ్చింది, ఎప్పటికీ అంటే ఎప్పటికీనే. సరే అన్నాను. ఆ సరే కోసం మూడు నెలలుగా పళ్ళు బిగించుకుని బతుకుతున్నాను.

రేణుకి తెలుసు. ఇదీ నన్ను తినేస్తున్నది. మానవ్ సంగతి కాదు, పెట్టె బరువు కూడా కాదు, రేణుకి తెలుసు, నాకు తెలియదు. పద్నాలుగేళ్ళ స్నేహం, వాళ్ళ గరాజ్ కోడ్ నాకు తెలుసు, మాది ఆమెకి తెలుసు, నాకు సర్జరీ అయినప్పుడు నెలరోజులు చారు తెచ్చిపెట్టిన మనిషి. నిన్న సాయంత్రం ఆద్య చార్జర్ మర్చిపోయానని రేణు ఆంటీ వాళ్ళింటికి వెళ్ళింది. చార్జర్‌కి గంటన్నర పట్టింది. ఇవాళ పెట్టె తెచ్చుకుందామని వెళ్తే రేణు తనే డ్రైవ్‌వేలోకి దొర్లించుకుంటూ వచ్చింది, లోపలికి రా అనలేదు, ఎప్పుడూ టీ తాగకుండా గుమ్మం దాటనివ్వదు. నా భుజం మీద చెయ్యేసి, జాగ్రత్తగా వెళ్ళిరా రాణీ, పిల్లతో కాస్త నెమ్మదిగా ఉండు, అంది. నా పిల్లతో నేనెలా ఉండాలో నాకు చెప్పింది. నేను నవ్వాను. వెనక ఆద్య కార్ దిగి వెళ్ళి రేణుని కౌగిలించుకుంది, చాలాసేపు, రేణు దాని చెవిలో ఏదో అంది, అది తలూపింది. నన్ను అలా కౌగిలించుకుని ఎన్నాళ్ళయింది. అసూయే అది, ఇంకో పేరు పెట్టుకోవాల్సిన పనిలేదు. రేణుకి కూతుళ్ళు లేరు, ఇద్దరూ అబ్బాయిలే, అందుకని నా కూతుర్ని నెమ్మదిగా తన వైపు తిప్పుకుంటోందా. ఎండాకాలం వాళ్ళు గాల్వెస్టన్ బీచ్‌కి వెళ్ళినప్పుడల్లా ఆద్యని పంపు పంపు అని వెంటపడేది. నేనే పంపాను. సన్‌స్క్రీన్ కొనిచ్చి మరీ పంపాను.

ఆరు పౌండ్లు. బట్టలైతే మెత్తగా ఉంటుంది, ట్రంక్‌లో పెట్టేటప్పుడు నేను ఒక పక్క నొక్కి చూశాను, గట్టిగా పలకలా తగిలింది, నొక్కడం డీల్‌లోకి రాదు. వాడికి బహుమతా. ఫ్రేమ్ కట్టించిన ఫోటోనా. ఫోటో ఆరు పౌండ్లుంటుందా. లేక వాడి సామానే ఏదైనా వాళ్ళమ్మ ఇచ్చిందా, అంటే ధర్మారావు గారింట్లో కూడా అందరికీ తెలుసా, ఊరందరికీ తెలిసి నాకొక్కదానికే తెలియదా, దీపావళి పార్టీలో వాళ్ళావిడ నా ప్లేట్‌లో రెండో స్వీట్ పెట్టింది ఇందుకేనా. మోహన్‌కి కూడా తెలుసా. తిరిగి చూస్తే ఆయన ఫోన్‌లో ఏదో బురుజు పటం పెద్దది చేసి చూసుకుంటున్నారు. ఈయనకి తెలిస్తే మొహంలో కనిపిస్తుంది, తెలియదు. ముందు నలుగురున్నారు. ముగ్గురు. ఆద్య ఇయర్‌బడ్స్ తీసేసి జేబులో వేసుకుంది. కింది పెదవి కొరుకుతోంది. భయపడుతోంది, నా పిల్ల భయపడుతోంది, దేనికో తెలియదు కానీ ఆ భయం నావల్లే అని తెలుస్తోంది, అది కౌంటర్ వైపు చూడట్లేదు, నన్నే చూస్తోంది.

నీలం పెట్టె బెల్ట్ మీద పెడితే యాభై రెండున్నర. సారీ, లిమిట్ యాభై, అంది నెరిసిన జుట్టావిడ, ఓవర్‌వెయిట్ అంటే వంద డాలర్లు, లేదా పక్కకి జరిగి మూడు పౌండ్లు తీసి వేరే బ్యాగులో పెట్టుకోండి. ఎంత సులువు. నేనేమీ అడగక్కర్లేదు, చూడక్కర్లేదు, ఎయిర్‌లైన్ వాళ్ళే తెరవమంటున్నారు. మోహన్ అప్పటికే పెట్టె కిందికి దించి జిప్ పట్టుకున్నారు, ఒక్క నిమిషం రాణీ, నీ దాంట్లో ఖాళీ ఉందిగా. ఆద్య కదల్లేదు. వద్దు నాన్నా అని కూడా అనలేదు. ఇంట్లో పెట్టెలు ఎప్పుడూ మూడుసార్లు తూచేదాన్ని, ఇరవై రెండేళ్ళలో ఒక్క డాలర్ ఓవర్‌వెయిట్ కట్టనిదాన్ని. చేతులు ఆ జిప్ మీదికి పోతామంటున్నాయి. నా కళ్ళు ముందే లోపలికి వెళ్ళిపోయాయి.

"తెరవద్దు," అన్నాను. "కట్టేయండి."

"ఏంటి, హండ్రెడ్ డాలర్సా? మూడు పౌండ్లే కదా రాణీ, రెండు జీన్స్ తీస్తే—"

"కట్టేయండి అన్నానుగా."

మోహన్ నన్ను చూసిన తీరు చూస్తే నాకు జ్వరమొచ్చిందేమో అనుకున్నట్టున్నారు. కార్డ్ తీశారు. ఆవిడ కంప్యూటర్‌లో కొడుతూ తలెత్తకుండానే అడిగింది, బ్యాగులన్నీ మీరే సర్దుకున్నారా. యెస్, అన్నాను. సర్దినప్పటి నుంచీ మీ దగ్గరే ఉన్నాయా. యెస్. ఎవరైనా ఏదైనా ఇచ్చారా. నో. ఈ దేశంలో ఒక యూనిఫామ్‌కి నేను చెప్పిన మొదటి అబద్ధం అది. పద్నాలుగేళ్ళ గ్రీన్‌కార్డ్ ఆ పలక లాంటి గట్టి వస్తువు మీద పెట్టేశాను, అదేమిటో తెలియకుండానే. పెట్టె బెల్ట్ మీద అలా వెళ్ళి రబ్బరు తెరల వెనక్కి పోయింది. గొప్ప పని చేశానని అనిపించలేదు, పొరపాటు చేశాననే అనిపించింది.

సెక్యూరిటీ వైపు నడుస్తున్నాం, మోహన్ ముందు, పాస్‌పోర్ట్‌లు గుండెకి ఆనించుకుని. ఆద్య నా పక్కకి వచ్చింది.

"అమ్మా. నువ్వు ఓపెన్ చెయ్యలేదు."

"లేదు."

"ఒకటి అడుగు. ఒక్కటే. ఆన్సర్ చెప్తా."

మూడు నెలలుగా కూడబెట్టిన ప్రశ్నలు. మానవ్ ఎవరు, మూడు రాత్రులెందుకు, పెట్టెలో ఏముంది, నువ్వు బాగానే ఉన్నావా. వరసలో మొదటిది అదే అయి ఉండాలి, నువ్వు బాగానే ఉన్నావా అన్నది, తల్లినైతే అదే అడగాలి. నా నోట్లోంచి వచ్చింది అది కాదు.

"రేణు ఆంటీకి ఎప్పట్నుంచి తెలుసు?"

ఆద్య ఆగి చూసింది. ఇది అడుగుతానని అనుకోలేదు. "రెండేళ్ళు," అంది.

రెండేళ్ళు. నా సర్జరీ కంటే ముందు. నేను రేణు వంటింట్లో కూర్చుని, ఆద్యకి ఎనిమిదేళ్ళ మెడిసిన్ ప్రోగ్రామ్‌లు ఏవేవున్నాయో స్ప్రెడ్‌షీట్ చదివి వినిపించిన రోజులన్నీ ఆ రెండేళ్ళలోవే. రేణు చారులో పోపు వేస్తూ ఊఁ కొట్టింది. ఎందుకు నాకు చెప్పలేదు అన్నది రెండో ప్రశ్న, అది లెక్కలోకి రాదు.

"నీకు చెప్తే వన్ వీక్‌లో అది నీ ప్రాజెక్ట్ అయిపోతుంది అమ్మా," అంది ఆద్య, నేను అడగకుండానే, నేల చూస్తూ. "నువ్వు కౌన్సిలర్‌తో మాట్లాడతావు, షీట్‌లో కాలమ్ పెడతావు. ఇట్ వజ్ ది ఓన్లీ థింగ్ దట్ వజ్ మైన్." పెట్టెలో ఉన్నది ఆల్బమ్ అట. సముద్రపు నాచు. గాల్వెస్టన్ ఒడ్డున ఏరి, కడిగి, అట్టల మధ్య అదిమి ఆరబెట్టి, పేర్లు రాసి, రెండేళ్ళు రేణు గరాజ్‌లో దాచుకున్నది, నూట నలభై రకాలు. ఆ ఊళ్ళో సముద్రం గురించి చదివే కోర్సు ఉంది, మానవ్ అదే చదువుతున్నాడు, వాడే చెప్పాడు, మంగళవారం అక్కడి ప్రొఫెసర్ ఒకావిడ దీన్ని కలిసి ఆల్బమ్ చూస్తానంది. సముద్రం పక్కనే క్లాసులు. నాలుగేళ్ళు. తర్వాత కూడా అక్కడేనేమో, తెలీదు. మానవ్‌కి ఎవరో గర్ల్‌ఫ్రెండ్ ఉందట, స్కాట్లాండ్ అమ్మాయి. ఇవన్నీ చెప్తుంటే ఆద్య మొహం వెలిగింది, చేతులు ఊపుతూ చెప్పింది, ఏదో ఎర్ర నాచు పేరు మూడుసార్లు పలికింది. అంత ఆనందం దాని మొహంలో నేను చూసి ఎన్నేళ్ళయిందో, అది ఎన్నాళ్ళుగా వేరేవాళ్ళ గరాజ్‌లో ఉంటోందో తెలిసి నాకు ఏడుపొచ్చింది. ఏడుపుతో పాటు ఇంకో మాట కూడా వచ్చింది, పైకి అనలేదు, మానవే అయి ఉంటే బాగుండేది. అబ్బాయి అయితే మంచి చెడ్డా చూడొచ్చు, వాళ్ళమ్మతో మాట్లాడచ్చు, ఏమీ చెయ్యకపోయినా ఆర్నెల్లలో వాళ్ళే పోట్లాడుకుంటారు. నాచుతో ఎవరు పోట్లాడతారు.

సెక్యూరిటీ లైన్ దగ్గర మోహన్ బెల్ట్ విప్పుతూ నిలబడ్డారు. నేను ముక్కు తుడుచుకుని ఆయన పక్కకి వెళ్ళాను.

"ఏవండీ, ఆ కన్వీ కోట మానేద్దాం. ఆ రోజు కూడా అబరిస్ట్‌విత్‌లోనే ఉందాం."

"కన్వీనా? గోడలు పదిహేను అడుగుల మందం రాణీ. అక్కడ నాలుగు రోజులు ఏం చేస్తాం?"

ఏం చేస్తామా. ఆ ఊరు చూడాలి నేను. హాస్టల్ తలుపులకి తాళాలు ఎలాంటివో, చీకటి ఎన్నింటికి పడుతుందో, గాలి ఎంత చల్లగా ఉంటుందో, కందిపప్పు దొరికే కొట్టు ఎన్ని మైళ్ళో, ఆ ప్రొఫెసర్ మనిషి ఎలాంటిదో. ఒక్కటీ వదలను.

"చూద్దాం, ఊరు బాగుంటుందిగా," అన్నాను.

షూస్ విప్పుతున్న ఆద్య చెయ్యి ఆగింది. తలెత్తి నన్ను తేరిపార చూసింది.

"ఎందుకు?" అంది.